షేర్ మార్కెట్‌లోకి కొత్తగా వచ్చేవాళ్లు ముందు ఏ పదాలు నేర్చుకోవాలి?

ప్రశ్న అడిగినవారు మన విశాఖ గాజువాక కుర్రాడు, డిగ్రీ చివరి సంవత్సరం అని రాశారు. వీడియోలు చూసి క్యాండిల్‌స్టిక్, సపోర్ట్, రెసిస్టెన్స్, స్టాప్‌లాస్ నేర్చుకున్నారట. ఇంకా ఏ మాటలు తెలియాలి, ఏ యాప్ మంచిది అని అడిగారు.

సూటిగా చెప్తాను. మీరు నేర్చుకున్నవన్నీ ధర గురించిన మాటలు. ఆ షేరు మీదేనని రుజువు చేసే మాట ఒక్కటీ మీ లిస్టులో లేదు. ఫోలియో, డిపాజిటరీ, కాంట్రాక్ట్ నోట్, రికార్డ్ డేట్, ముఖ విలువ, నామినీ. ముందు ఇవి నేర్చుకోండి. సపోర్ట్, రెసిస్టెన్స్ తెలియకుండా ముప్పయ్యేళ్లు షేర్లు ఉంచుకుని బాగుపడ్డ వాళ్లున్నారు. నామినీ సంగతి పట్టించుకోక ఇంటిల్లిపాదినీ ఆఫీసుల చుట్టూ తిప్పినవాళ్లు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు.

మధురవాడలో రెండొందల గజాల స్థలం కొనేవాడు ఈసీ తీయిస్తాడు, లింకు డాక్యుమెంట్లు అడుగుతాడు, తెలిసిన లాయరుకు చూపిస్తాడు. అదే మనిషి అంత డబ్బూ షేర్లలో పెట్టి, ఆ సంగతి ఇంట్లో ఆవిడకు కూడా చెప్పడు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

మా పెదనాన్నగారు పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. ఎనభైల చివర్లో, తొంభైల మొదట్లో పబ్లిక్ ఇష్యూ వచ్చిందంటే డాబాగార్డెన్స్‌లో ఏజెంట్ల దగ్గర ఫారాలు తెచ్చి, నింపి, చెక్కు జతచేసి బ్యాంకులో ఇచ్చేవారు. షేర్లు అలాట్ అయితే సర్టిఫికెట్లు రిజిస్టర్డ్ పోస్టులో వచ్చేవి. ఎప్పుడూ అమ్మలేదు, అవేమిటో ఎవరికీ చెప్పలేదు. ఆయన పోయాక అక్కయ్యపాలెం ఇంట్లో బీరువా అడుగున, పట్టుచీరల కింద, ఒక ప్లాస్టిక్ కవర్లో అవి దొరికాయి.

పెద్దమ్మ నన్ను పిలిచి, "ఒరే నానా, ఇవి పారీవద్దని మీ పెదనాన్న ఎప్పుడూ అనేవోరు. ఇవేటో చూడరా. పక్కింటాయన చిత్తుకాయితాలంటన్నాడు" అంది.

చూశాను. కరెన్సీ నోటు అంచులా అల్లికల డిజైన్ ఉన్న దళసరి కాగితం. పైన కుడివైపు ఫోలియో నంబరు, పక్కన సర్టిఫికెట్ నంబరు, కింద ఎక్కడి నుంచి ఎక్కడి వరకు అని డిస్టింక్టివ్ నంబర్లు, అంటే ఆ షేర్ల వరుస సంఖ్యలు. 100 షేర్లు, ఒక్కొక్కటి 10 రూపాయలు. ఇద్దరు డైరెక్టర్ల సంతకాలు. వెనకవైపు ఎవరి పేరు మీదికి మారిందో రాసుకునే గళ్లు, ఖాళీగా ఉన్నాయి. మన ఊరి ఉప్పుగాలికి గుండుసూది తుప్పుపట్టి నాలుగు కాగితాల్లోకీ దిగిపోయింది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు కిటికీ అద్దాలు పగిలి బీరువాలోకి నీళ్లు వెళ్లాయి. పెదనాన్నగారు వాటిని నేల మీద పరిచి, ఆరబెట్టి, మళ్లీ కవర్లో పెట్టారట. రెండింటి మీద సంతకాలు అలుక్కుపోయాయి. ఫోలియో నంబరు మాత్రం చక్కగా కనిపిస్తోంది.

అప్పటికే ఒక ఏజెంటు వచ్చి వెళ్లాడు. "ఇవి చెల్లనివమ్మా, నేను తిరిగి ఏదో చేస్తాను, వచ్చినదాంట్లో సగం నాది" అన్నాడట. పెద్దమ్మ సరే అనేలా ఉంది. నేను ఆగమని చెప్పి, ఫోలియో నంబరు వేసి ఆ కంపెనీ రిజిస్ట్రార్‌కు ఒక ఉత్తరం, ఒక మెయిల్ పంపాను. వాటాదారుల లెక్కలన్నీ కంపెనీ తరఫున చూసేది ఈ రిజిస్ట్రార్ సంస్థే. ఫోలియో అంటే వాళ్ల పుస్తకంలో మన ఖాతా నంబరు. కాగితం పోయినా, చిరిగినా, తడిసినా ఆ పుస్తకంలో పేరుంటే షేరు ఉన్నట్టే.

జవాబు వచ్చింది. ఆ ఫోలియోలో ఉన్నవి 100 షేర్లు కావు, 1000.

పెద్దమ్మ నమ్మలేదు. "కాయితం మీద వందే కదరా" అంది. మధ్యలో కంపెనీ ముఖ విలువను, అంటే షేరు మీద అచ్చువేసిన విలువను, 10 నుంచి 2 రూపాయలకు విడగొట్టింది. దీన్నే స్ప్లిట్ అంటారు. వంద షేర్లు ఐదొందలయ్యాయి. తర్వాత ఒకటికి ఒకటి బోనస్, అంటే ఉన్న ఒక్కో షేరుకు ఇంకొకటి ఉచితంగా ఇచ్చింది, ఐదొందలు వెయ్యి అయ్యాయి. కొత్త సర్టిఫికెట్లు పాత అద్దె ఇంటి అడ్రస్‌కు వెళ్లి తిరిగి వెళ్లిపోయాయి. స్ప్లిట్ వల్ల గానీ బోనస్ వల్ల గానీ ఆ రోజుకి మనిషి ఆస్తి పెరగదు, షేరు ధర ఆ మేరకు తగ్గుతుంది. అసలు పెరిగింది ఇన్నేళ్లలో కంపెనీ సంపాదించిన దానివల్ల. కానీ ఈ రెండు మాటలూ తెలియని మనిషి పాత కాగితం మీదున్న వందకే లెక్కకట్టి, అందులో సగం ఏజెంటు చేతిలో పెట్టేవాడు.

ముఖ విలువ గురించి ఇంకొక్క మాట. పేపర్లో "500 శాతం డివిడెండ్" అని హెడ్డింగు చూసి ఎగిరి గంతేయకండి. డివిడెండ్ అంటే కంపెనీ లాభంలోంచి వాటాదారులకు పంచే డబ్బు. ఆ శాతం ముఖ విలువ మీద, మార్కెట్ ధర మీద కాదు. ముఖ విలువ 2 రూపాయలైతే 500 శాతం అంటే షేరుకు 10 రూపాయలు. ఆ షేరు మార్కెట్లో 2000 ఉంటే మీకొచ్చింది అర శాతం. అది కూడా ఎవరెవరికి ఇవ్వాలో తేల్చడానికి కంపెనీ పెట్టుకున్న తేదీ, అంటే రికార్డ్ డేట్ నాటికి పుస్తకంలో మీ పేరుంటేనే. ఇప్పుడు కొన్న షేరు మర్నాటికి గానీ డీమ్యాట్‌లోకి (కాగితం లేకుండా షేర్లు ఉండే ఖాతాలోకి) రాదు కాబట్టి, రికార్డ్ డేట్‌కు ముందు ట్రేడింగ్ రోజుకల్లా కొని ఉండాలి. ఆ రోజే కొని డివిడెండ్ ఏదీ అని కస్టమర్ కేర్‌తో గొడవపడేవాళ్లను మా ఆఫీసులోనే చూశాను.

మళ్లీ పెద్దమ్మ దగ్గరికి. ఇంకో కంపెనీ షేర్లు ఫోలియోలోనే లేవు. వరసగా ఏడేళ్లు డివిడెండ్ తీసుకోకపోతే ఆ డబ్బుతోపాటు షేర్లు కూడా కేంద్ర ప్రభుత్వం కింద ఉండే ఐఈపీఎఫ్ అనే నిధికి వెళ్లిపోతాయి. పెదనాన్నగారి కవర్లో గడువు దాటిన డివిడెండ్ వారెంట్లు, అంటే డివిడెండ్ చెక్కులు, ఒక కట్ట ఉంది. అవి బ్యాంకులో వేసుకుని ఉంటే ఈ బాధ ఉండేదే కాదు. పోయాయని వదిలేయకండి. ఐఈపీఎఫ్-5 అని ఫారం ఉంది, అది నింపి కంపెనీ నోడల్ ఆఫీసర్‌కు కాగితాలు పంపితే, వాళ్లు పరిశీలించాక షేర్లు తిరిగి వస్తాయి. ఆలస్యం అవుతుంది, అంతే. మాది ఇంకా నడుస్తోంది.

అసలు నరకం పేర్ల దగ్గర. సర్టిఫికెట్ మీద ఇంటిపేరు ఒక అక్షరం. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా. పాన్‌లో ఇంటిపేరు చివర. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఇచ్చిన మరణ ధ్రువపత్రంలో అసలు ఇంటిపేరే లేదు. నాలుగు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్. తహసీల్దార్ ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. పిల్లలందరి నుంచి మాకు అభ్యంతరం లేదనే ఎన్‌ఓసీలు, అందులో ఒకరు అమెరికాలో. తర్వాత ఏ తగువొచ్చినా మాదే బాధ్యత అని రాసిచ్చే ఇండెమ్నిటీ బాండ్, నోటరీ చేయించి. పెద్దమ్మ సంతకం బ్యాంకు మేనేజర్ ధ్రువీకరించాలి. ఆమెకు పాతికేళ్లుగా ఖాతా ఉన్న బ్రాంచి అది. పేరు చెప్పను గానీ, "మా దగ్గర ఇలాంటివి చేయం, హెడ్డాఫీసును అడగండి" అని డెబ్బై దాటిన మనిషిని మెట్లెక్కించి దింపారు. అదే కౌంటర్లో ఇన్సూరెన్స్ పాలసీని ఎఫ్‌డీ లాంటిదే అని అంటగట్టడానికి మాత్రం కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి కూర్చోబెడతారు. ఫారాలన్నీ ఇంగ్లిషులో, అభ్యంతరాలు వచ్చేదీ ఒక్కొక్కటిగా. అన్నీ ఒకేసారి చెప్తే వాళ్ల సొమ్మేం పోయింది?

ఇదంతా ఎందుకు జరిగింది? ఫోలియోలో నామినీ లేరు కాబట్టి. ఉండి ఉంటే మరణ ధ్రువపత్రం, పెద్దమ్మ కేవైసీ కాగితాలతో చాలావరకు పని అయ్యేది. నామినీ అంటే హక్కుదారు అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, అదీ తప్పే. 2023 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది: నామినీకి షేర్లు అప్పగిస్తారు గానీ, అంతిమంగా అవి వారసత్వ చట్టం ప్రకారమే పంచుకోవాలి. కాబట్టి నామినీ పేరూ రాయండి, వీలునామా కూడా రాయండి.

చివరికి వెయ్యి షేర్లూ పెద్దమ్మ డీమ్యాట్‌లోకి వచ్చాయి. ఏజెంటుకు సగం ఇచ్చే అవసరం రాలేదు. 2019 ఏప్రిల్ నుంచి కాగితం షేర్లు అమ్మి ఇంకొకరి పేరు మీదికి మార్చడం ఆగిపోయింది గానీ, వారసులకు మార్చడం ఆగలేదు. మీ ఇంట్లో బీరువా అడుగున ఇలాంటివి ఉంటే చిత్తుకాగితాలని వేయకండి, దయచేసి.

"ఇప్పుడంతా డీమ్యాట్ కదా, మాకివన్నీ ఎందుకు" అంటారు మీ వయసువాళ్లు. మీ షేర్లు బ్రోకర్ యాప్‌లో ఉండవు. ఎన్‌ఎస్‌డీఎల్ గానీ సీడీఎస్‌ఎల్ గానీ, ఈ రెండు డిపాజిటరీల్లో ఒకదానిలో మీ పేరు మీద ఉంటాయి. ఈ తేడా ఎంత పెద్దదో మన తెలుగువాళ్లకు 2019లో తెలిసింది. హైదరాబాద్‌కు చెందిన కార్వీ స్టాక్ బ్రోకింగ్ ఖాతాదారుల షేర్లను తాకట్టు పెట్టి అప్పులు తెచ్చిందని ఆ ఏడాది నవంబర్‌లో షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ ఆర్డర్ వేసింది. ఆ తర్వాత ఎన్‌ఎస్‌డీఎల్ చాలామంది షేర్లను వాళ్ల ఖాతాలకు తిరిగి చేర్చింది. తమ డీమ్యాట్‌లో ఏముందో నెలనెలా చూసుకునే మనిషి, షేరు కదిలితే వెంటనే పట్టుకుంటాడు. డిపాజిటరీ నుంచి ఈమెయిల్‌కు వచ్చే కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంట్ (మీ పేరు మీదున్నవన్నీ ఒకచోట చూపే లెక్క) తెరిచి చూడండి. ట్రేడ్ చేసిన 24 గంటల్లో బ్రోకర్ పంపాల్సిన కాంట్రాక్ట్ నోట్ కూడా చూడండి. ఏ ధరకు కొన్నారు, బ్రోకరేజీ ఎంత, పన్నులు ఎంత, అన్నీ అందులోనే ఉంటాయి. యాప్ తెర మీద ఆకుపచ్చ అంకె రేపు వాదనకు నిలబడదు, కాంట్రాక్ట్ నోట్ నిలబడుతుంది.

ఇక మీరు నేర్చుకున్న సపోర్ట్, రెసిస్టెన్స్ ఎక్కడికి తీసుకెళ్తాయో నాకు తెలుసు. ఆప్షన్స్‌కి, అంటే ఫలానా తేదీకల్లా ధర పెరుగుతుందనో తగ్గుతుందనో డబ్బు కట్టే ఒప్పందాలకి. మద్దిలపాలెంలో టీ కొట్టు దగ్గర నిలబడితే కాలేజీ పిల్లల నోట కాల్, పుట్, ఎక్స్‌పైరీ తప్ప ఇంకో మాట వినపడదు. ఆప్షన్ మాత్రమే కొన్నవాడు ఏ కంపెనీకీ వాటాదారు కాడు. వాడికి డివిడెండ్ లేదు, బోనస్ లేదు, ఓటు లేదు, గడువు తేదీ మాత్రం ఉంది. 2021-22 నుంచి మూడేళ్ల లెక్కలు తీసి సెబీ చెప్పింది: ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో) వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల పైమాటే. టెలిగ్రామ్‌లో "రేపటి కాల్" అంటూ సలహాలు అమ్మేవాడు ఈ ముక్క చెప్పడు. వాడికి సెబీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో సెబీ వెబ్‌సైట్‌లోనే చూసుకోవచ్చు. చూడకుండా డబ్బు కట్టకండి.

లిస్టెడ్ (స్టాక్ ఎక్స్ఛేంజీలో కొని అమ్మగలిగేవి), అన్‌లిస్టెడ్ (అక్కడ దొరకనివి) తేడా కూడా తెలుసుకోండి, ముఖ్యంగా మన ఊళ్లో. "స్టీల్‌ప్లాంట్ షేరు ఎంతుంది అన్నా" అని అడిగేవాళ్లు నాకు తరచూ తగులుతారు. వైజాగ్ స్టీల్ నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్ట్ కాలేదు. మల్కాపురం వైపు రిఫైనరీ నడిపే హెచ్‌పీసీఎల్ లిస్ట్ అయింది, మన ఊళ్లోనే హెడ్డాఫీసున్న డ్రెడ్జింగ్ కార్పొరేషన్ కూడా అయింది. స్టీల్‌ప్లాంట్ షేరు ఇప్పిస్తానని ఎవరైనా డబ్బు అడిగితే నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి.

యాప్ సంగతి అడిగారు. సెబీ రిజిస్ట్రేషన్ ఉన్న ఏ బ్రోకరైనా మీ అవసరానికి చాలు, బ్రోకరేజీలో రూపాయి తేడా గురించి తల పగలగొట్టుకోకండి. ఖాతా తెరిచిన రోజే మూడు పనులు చేయండి. పాన్‌లో పేరు, ఆధార్‌లో పేరు, బ్యాంకు ఖాతాలో పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయేమో చూసి, లేకపోతే ముందు అది సరిచేయించుకోండి. నామినీగా అమ్మ పేరో నాన్న పేరో పెట్టండి. మీ డీపీ ఐడీ, క్లయింట్ ఐడీ (రెండూ కలిపితే మీ డీమ్యాట్ ఖాతా నంబరు) ఒక కాగితం మీద రాసి, అదేమిటో వాళ్లకు అర్థమయ్యేలా చెప్పి వాళ్ల చేతికే ఇవ్వండి.