ప్రిస్క్రిప్షన్ లేకుండా మందు ఇచ్చిన ఫార్మసిస్టు: నోటీసుకు జవాబు ఎలా?

ప్రశ్న: డి.ఫార్మసీ చదివి, ఫార్మసీ కౌన్సిల్‌లో రిజిస్టరై, పల్లెలో మెడికల్ షాపు నడుపుతున్నాను. చుట్టుపక్కల డాక్టరు లేరు. ఒక రాత్రి జ్వరం, ఒళ్లు నొప్పులతో వచ్చిన మహిళను చూసి జాలిపడి సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చాను, నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేశాను. రెండు రోజులకు నేను పెళ్లికి వెళ్తే షాపులో కుర్రాడు అవే మాత్రలు మళ్లీ ఇచ్చాడు. ఒంటినిండా దద్దుర్లతో ఆమె ఆసుపత్రిలో చేరి కోలుకుంది. బంధువులు ఫిర్యాదు చేశారు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ తనిఖీ చేశాక, ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని నోటీసు వచ్చింది. అది వచ్చి ఐదు రోజులైంది. విదేశాల్లో ఫార్మసిస్టులే మందులు రాస్తున్నారు. 2015 నిబంధనలు మాకూ అధికారాలు పెంచాయి కదా? తెలిసిన డాక్టరు ఆ రోజు తేదీతో చీటీ రాసిస్తానంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవద్దు. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు అసలు విషయం చూడండి.

మీ కేసు తేలేది ఒక్క ప్రశ్న మీద. సెఫిక్సిమ్ మీ కౌంటరు దాటేటప్పటికి డాక్టరు సంతకం చేసిన ప్రిస్క్రిప్షన్ మీ చేతిలో ఉందా? లేదు. అది షెడ్యూల్ హెచ్1 మందు, అంటే ప్రిస్క్రిప్షన్ మీదే అమ్మి, రిజిస్టరులో రాయాల్సిన జాబితాలోనిది. ఔషధ నియమాలు, 1945లోని 65(9) ప్రకారం ప్రిస్క్రిప్షన్ ఉంటేనే, అందులో రాసినట్టే అమ్మాలి. రాత్రయిందా, డాక్టరు దొరకలేదా, జాలిపడి ఇచ్చారా అని ఆ నియమం అడగదు. అవన్నీ చర్య తగ్గించమని వేడుకోవడానికి పనికొస్తాయి, తప్పే జరగలేదనడానికి పనికిరావు.

విదేశాల సంగతి. ఇంగ్లండ్‌లో 2024 జనవరి 31న ఫార్మసీ ఫస్ట్ పథకం మొదలైంది. ఏడు జబ్బులకు ఫార్మసిస్టు డాక్టరు చీటీ లేకుండానే మందు ఇవ్వొచ్చు. మూత్రనాళ ఇన్ఫెక్షనైతే 16 నుంచి 64 ఏళ్ల మహిళలకే, అదీ జబ్బు ముదరనప్పుడే. ఎవరికి ఏ మందు, ఎంత మోతాదు, ఏ లక్షణం కనిపిస్తే ఇవ్వకుండా డాక్టరు దగ్గరికి పంపాలి అన్నదంతా ముందే రాసి ఆమోదించిన ఆదేశపత్రంలో ఉంటుంది. అదే ఏడాది జూన్‌లో ఫార్మసీ టెక్నీషియన్లకూ అలాంటి పత్రాల కింద మందు ఇచ్చే వీలు కల్పించారు. అంటే అక్కడా అధికారం కాగితం మీద వచ్చింది. మీ చేతిలో అలాంటి కాగితమేదీ లేదు.

2015 ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ మీకు ఇచ్చిన పని చిన్నదేమీ కాదు. ప్రిస్క్రిప్షన్‌ను పరిశీలించడం, మందులు ఒకదానితో ఒకటి పడతాయో లేదో చూడడం, మోతాదు, దుష్ప్రభావాలు, నిల్వ, ఒక పూట మరిచిపోతే ఏం చేయాలి అన్నవి రోగికి వివరించడం అందులో ఉన్నాయి. రోగం నిర్ధారించి మందు రాసే అధికారం లేదు. అంతెందుకు, ప్రిస్క్రిప్షన్‌లో షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్ జాబితాల మందు ఉంటే దానికి బదులు అదే రసాయనమున్న మరో బ్రాండు ఇవ్వడం కూడా ఔషధ నియమాల్లోని 65(11ఎ) ప్రకారం కుదరదు.

ఇంజెక్షన్ మాటకొస్తే, అది ఇంకా ప్రమాదం. మీరే రోగం తేల్చి సూది వేయడం వైద్యం చేయడమే. నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం, 2019 సెక్షన్ 34 కింద ఏడాది వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఆమె కోలుకుంది కాబట్టి సరిపోయింది. ప్రాణం పోయి ఉంటే నిర్లక్ష్యంతో ప్రాణం తీయడానికి శిక్ష చెప్పే భారతీయ న్యాయ సంహిత 106(1) వర్తించేది. వైద్యం చేస్తుండగా జరిగితే రిజిస్టర్డ్ డాక్టరుకు గరిష్ఠ శిక్ష రెండేళ్లు, మీకు ఐదేళ్లు.

కుర్రాడి మీదకు నెట్టేద్దామనీ చూడకండి. ఔషధ నియమాల్లోని 65(2) ప్రకారం ప్రిస్క్రిప్షన్ మందు రిజిస్టర్డ్ ఫార్మసిస్టు స్వయంగా, లేదా అతని ప్రత్యక్ష పర్యవేక్షణలో ఇవ్వాలి. ఉద్యోగి తప్పుకు యజమాని లైసెన్సు పోకుండా 66వ నియమంలో రక్షణ ఉన్నమాట నిజమే. ఆ తప్పులో మీ ప్రోద్బలం గానీ, చూసీచూడనితనం గానీ లేదని మీరే రుజువు చేయాలి. రెండు రోజుల ముందు అదే మందు చీటీ లేకుండా స్వయంగా ఇచ్చినవారు ఆ మాట ఎలా అంటారు? పెళ్లికి వెళ్లేటప్పుడు షట్టర్ దించి వెళ్లాల్సింది.

ఇక వెనక తేదీ చీటీ. తనిఖీ రోజున చీటీ చూపలేదని ఇన్‌స్పెక్టర్ ఫారం 35 పుస్తకంలో, అంటే షాపు తనిఖీ పుస్తకంలో, రాసే ఉంటారు. మీ బిల్లులో డాక్టరు పేరుండదు. హెచ్1 రిజిస్టరులో డాక్టరు పేరు, చిరునామా ఉండాల్సిన చోట ఖాళీ ఉంటుంది. ఆ డాక్టరు ఓపీ పుస్తకంలో ఈమె పేరుండదు, ఆయన్ని చూడనే లేదని ఆమే చెబుతుంది. ఇప్పటికి ఇది లైసెన్సు షరతుల ఉల్లంఘన. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 27(డి) కింద వచ్చే ఈ నేరాన్ని 2023 సవరణ తర్వాత 32బి కింద డబ్బు కట్టి ప్రభుత్వంతో రాజీ చేసుకునే వీలుంది. దొంగ చీటీ పెట్టిన రోజు ఇది ఫోర్జరీ కేసవుతుంది, ఆ డాక్టరూ ఇరుక్కుంటాడు. రిజిస్టరులో ఖాళీలు ఇప్పుడు నింపినా అంతే. పెన్ను ముట్టుకోకండి.

ఏడు రోజుల నోటీసును ఐదు రోజులు పక్కన పడేయడం క్షమించరాని నిర్లక్ష్యం. ఈ రోజే గడువు పొడిగించమని, వ్యక్తిగత విచారణకు అవకాశమివ్వమని రాతపూర్వకంగా కోరండి. ఆఫీసులో ఇచ్చి మీ కాపీ మీద తేదీ, స్టాంపు వేయించుకోండి. సంజాయిషీ స్థానిక న్యాయవాదితో రాయించండి. అందులో అబద్ధం వద్దు, అడగనిదాన్ని ఒప్పుకోవడమూ వద్దు. మూడేళ్ల హెచ్1 రిజిస్టరు, ఫారం 35లో పాత తనిఖీల వ్యాఖ్యలు, మీ రిజిస్ట్రేషన్ రెన్యూవల్ జత చేయండి. ఆ రెండు మందుల బ్యాచ్ నంబర్లు, కొనుగోలు బిల్లులు భద్రపరచండి. దద్దుర్లు సెఫిక్సిమ్ వల్లా, డైక్లోఫెనాక్ వల్లా, జ్వరం వల్లా అన్నది ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీని బట్టి తేలాలి. నష్టపరిహారం కేసులో అదే కీలకం, లైసెన్సు చర్యకు మాత్రం దానితో పనిలేదు.

లైసెన్సు రద్దు చేసినా, సస్పెండ్ చేసినా ఉత్తర్వు తేదీ నుంచి మూడు నెలల్లోపు రాష్ట్ర ప్రభుత్వానికి అప్పీలు చేయాలి. కౌన్సిల్ రిజిస్టరు నుంచి పేరు తొలగించే ఉత్తర్వు ఖరారై మీకు అందితే గడువు 30 రోజులే. అలాగే కొన్నాళ్లు ఏ కబురూ రాకపోతే కేసు పోయిందనుకోకండి. 27(డి) కింద ప్రాసిక్యూషన్‌కు మూడేళ్లు, వినియోగదారుల ఫిర్యాదుకు రెండేళ్ల సమయముంది.

ఊరికి మేలు చేయాలన్న మీ తపనకు దారి ఉంది. 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం రోగి ఫోనులోనే రిజిస్టర్డ్ డాక్టరుతో మాట్లాడించండి. షెడ్యూల్ ఎక్స్, నార్కోటిక్ మందులు ఇలా రాయడానికి వీల్లేదు. వచ్చిన ప్రిస్క్రిప్షన్‌లో డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం, తేదీ, రోగి పేరు, మోతాదు, మొత్తం పరిమాణం చూసుకోండి. ప్రింటు తీసి, డాక్టరు సంతకానికి పైన మీ షాపు పేరు, చిరునామా, మందు ఇచ్చిన తేదీ రాయండి. హెచ్1 మందైతే ఇచ్చిన వెంటనే రిజిస్టరులో ఎక్కించండి. డాక్టరు మళ్లీ ఇవ్వొచ్చని రాయకపోతే అదే చీటీ మీద రెండోసారి ఇవ్వకండి.