జీరో వేస్ట్ సర్టిఫికెట్ ఆరు నెలల్లో వస్తుందా? ముందు కాటా చీటీలు చూసుకోండి

మీరు అడిగింది ఇది: మూడు వందల మంది పనిచేసే మెషీనింగ్ యూనిట్ (లోహాన్ని చెక్కి విడిభాగాలు చేసేది), విదేశీ కస్టమర్ ఆరు నెలల్లో జీరో వేస్ట్ సర్టిఫికెట్, అంటే చెత్త దాదాపు అంతా డంపింగుకు పోకుండా మళ్లిస్తున్నామనే ధ్రువపత్రం తెమ్మంటున్నారు, అయ్యే పనేనా, కన్సల్టెంటును పెట్టుకోవాలా అని. పటాన్‌చెరు వైపు దాదాపు మీలాంటి యూనిట్లోనే నేను పర్యావరణ విభాగం చూశాను. ఈ పని మొదటి నుంచి చివరిదాకా నా చేతుల మీదుగానే జరిగింది.

ముందు కస్టమర్‌కు ఏ సర్టిఫికెట్ కావాలో రాతపూర్వకంగా అడగండి. యూఎల్ అనే సంస్థ ఇచ్చే యూఎల్ 2799 అయితే చెత్తలో 90 నుంచి 94 శాతం డంపింగుకు పోకుండా మళ్లిస్తే సిల్వర్, 95 నుంచి 99 వరకు గోల్డ్, 100 అయితే ప్లాటినం. అందులో ఎంత శాతం కాల్చి శక్తి తీశారో విడిగా చూపిస్తారు. జీబీసీఐ అనే సంస్థ ఇచ్చే ట్రూ (TRUE) సర్టిఫికెట్ అయితే కనీసం 90 శాతం. కానీ అక్కడ చెత్తను కాల్చి కరెంటు తీసినా మళ్లించినట్టు ఒప్పుకోరు. ప్రమాదకర వ్యర్థాలు ఆ లెక్కలోకి రావు. పైగా గత 12 నెలల తూకాలు చూపించాలి. ఏడాది కాటా చీటీలు ఇప్పటికే ఫైల్లో ఉంటే తప్ప ట్రూ ఆరు నెలల్లో రాదండీ. ఆ మాట కస్టమర్‌కు ఇప్పుడే చెప్పేయండి, చివర్లో చెప్పుకోవడం కంటే చాలా నయం.

ఇక శాతం గురించి. మా దగ్గర నెలకు మొత్తం 45 టన్నులు బయటికి పోయేది. అందులో 40 టన్నులు టర్నింగ్ స్క్రాపే, అంటే చెక్కినప్పుడు రాలే ఇనుప తురుము, నేరుగా కరిగించే ఫౌండ్రీకి. అంటే మేం ఏ పనీ మొదలుపెట్టకముందే 89 శాతం. మా మేనేజ్‌మెంటు అది చూసి పని అయిపోయిందనుకుంది. అసలు పనంతా మిగిలిన 5 టన్నుల్లో ఉంది: ప్యాకింగు, చెక్క ప్యాలెట్లు, క్యాంటీను చెత్త, టీ కప్పులు. అందుకే ఇనుము కలిపి ఒక శాతం, ఇనుము తీసేసి ఒక శాతం, రెండూ ప్రతి నెలా రాసుకున్నాం. రెండో అంకె చూస్తేనే మనం ఎక్కడున్నామో తెలుస్తుంది.

ఆ 5 టన్నుల్లో ఏముందో కంప్యూటర్లో దొరకదు. ఒక రోజు చెత్తంతా క్యాంటీను వెనక పెద్ద పట్టా పరిచి గుమ్మరించాం. నేను, స్టోర్స్ నుంచి ఇద్దరు, హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు నలుగురు కూర్చుని వేరుచేశాం. నేను టీ కప్పులు కాగితం కుప్పలో వేస్తుంటే ఒకామె నా చెయ్యి పట్టుకుని ఆపింది. కప్పును చీల్చి, లోపల అంటుకున్న పల్చటి పొరను గోరుతో లేపి చూపించింది. "మేడమ్, గిది ప్లాస్టిక్. గిది కాయితంల వెయ్యద్దు, వేస్తె గాళ్లు మొత్తం లోడు వాపస్ పంపుతరు" అంది. ఆమె అన్నది అక్షరాలా నిజం. ట్రూలో బయటికి పంపే ఏ రకం సరుకులోనైనా కల్తీ, అంటే వేరే చెత్త కలవడం, 10 శాతం దాటకూడదు. ఆ వారమే పేపరు కప్పులు ఆపించి అందరికీ స్టీలు గ్లాసులు ఇచ్చాం. రంగురంగుల డబ్బాలు కొనే ముందు ఆ ఆడవాళ్లతో కూర్చోండి. ఫ్యాక్టరీలో ఏ విభాగంలో ఎవరు ఏం పారేస్తారో వాళ్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఏ డబ్బా ఎక్కడ పెట్టాలో మా దగ్గర వాళ్లే నిర్ణయించారు. దాని తర్వాతే వేరుచేయడం నిలబడింది.

మేం దెబ్బతిన్నది మాత్రం గేటు బయట. కలగలుపు ప్యాకింగు, అంటే ఫోమ్, స్ట్రెచ్ ఫిల్మ్ (సరుకు చుట్టూ చుట్టే సాగే ప్లాస్టిక్), థర్మాకోల్ అన్నీ ఒక స్క్రాప్ కాంట్రాక్టరుకు ఇచ్చేవాళ్లం. రీసైక్లింగుకే పోతుందని ఆయన లెటర్‌హెడ్ మీద రాసిచ్చాడు, మేం నమ్మాం. దరఖాస్తు వేసే ముందు మేమే ఒకసారి బండి వెనకాలే వెళ్లాం. గోదాములో అట్టపెట్టెలు, మంచి ఫిల్మ్ ఏరుకున్నారు. మిగతాది గోడ వెనక గుంటలో పోసి ఉంది, సగం కాలి నల్లగా ముద్దకట్టింది. మా పార్టు నంబరు లేబుళ్లు ఆ బూడిదలో ఇంకా చదవడానికి వస్తున్నాయి. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. అప్పటిదాకా నెలకు 1.8 టన్నులే డంపింగుకు పోతోందని, 96 శాతం మళ్లించామని లెక్క రాసుకున్నాం. గుంటలో పడ్డ 1.4 టన్నులు కలిపితే 93కు దిగింది. దిగిన అంకెనే రాశాం.

దాన్ని సరిచేయడానికి కొత్త రీసైక్లర్‌ను వెతకడం ఒక్కటే చాలలేదు. ఫోమ్, థర్మాకోల్ అసలు లోపలికి రాకుండా చేయడమే ఎక్కువ పనికొచ్చింది. దగ్గరి సరఫరాదారులతో మాట్లాడి, తిరిగి పంపే ప్లాస్టిక్ క్రేట్లలో సరుకు తెప్పించుకున్నాం. ఒప్పించడానికి నాలుగు నెలలు పట్టింది. స్ట్రెచ్ ఫిల్మ్ మాత్రం విడిగా బేళ్లు కట్టి అమ్మాం.

నూనె గుడ్డలు, వాడిన నూనె, గ్రైండింగ్ స్లడ్జ్ (లోహాన్ని అరగదీసినప్పుడు మిగిలే బురద) సంగతి వేరు, ఇవి ప్రమాదకర వ్యర్థాలు. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం మామూలుగా 90 రోజులకు మించి నిల్వ పెట్టకూడదు. ప్రతి లోడుకూ ఫారం 10 మ్యానిఫెస్టు (లోడు వెంట వెళ్లే రవాణా పత్రం), ఏటా జూన్ 30లోగా ఫారం 4 రిటర్ను. సర్టిఫికెట్ లెక్కలోకి రాకపోయినా ఈ కాగితాలు సరిగ్గా లేకపోతే దరఖాస్తే వేయకండి, చట్టం పాటించడం ట్రూలో మొదటి షరతుల్లో ఒకటి. సిమెంటు బట్టీలో కాల్చడానికి పంపే చెత్తను ఎలా లెక్కకడతారో సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లనే ముందుగా అడిగి, జవాబు మెయిల్లో తీసుకోండి.

కన్సల్టెంటు విషయానికొస్తే, దరఖాస్తు నింపడానికి, ఇంగ్లీషు పాలసీ పత్రాలు రాయడానికి పెట్టుకోవచ్చు, మేమూ పెట్టుకున్నాం. తూకం వేయించడం, బండి వెనక వెళ్లడం మాత్రం మీ మనుషులే చెయ్యాలి. మీ వే బ్రిడ్జి (లారీ తూచే కాటా) స్టాంపింగు, అంటే తూకం సరిగ్గా ఉందని వేసే ప్రభుత్వ ముద్ర గడువు ఎప్పటివరకు ఉందో కూడా ఈ రోజే చూసుకోండి.