స్కూటర్ తాళాలు ఇప్పుడే ఇవ్వకు తమ్ముడూ

చిరంజీవి సత్యానికి,

అన్నయ్య ఆశీస్సులు. కిశోర్‌కు కాలేజీకి వెళ్లిరావడానికి స్కూటర్ కొంటున్నావని మరదలు ఫోనులో చెప్పింది. గేర్లు లేని బండికి 16 ఏళ్లు నిండితే చాలని నీకెవరో చెప్పారట. అది సగం నిజం. చిక్కంతా మిగతా సగంలో ఉంది.

1988 నాటి మోటారు వాహనాల చట్టం 16 ఏళ్లవారికి వదిలిపెట్టింది 50 సీసీ మించని బండిని మాత్రమే. దానికీ మీ అంగీకారం రాతపూర్వకంగా ఇచ్చి లైసెన్సు తీసుకోవాలి. అంత చిన్న ఇంజను బండి ఇప్పుడు ఏ షోరూములో కనిపిస్తుంది చెప్పు? నువ్వు చూసిన స్కూటర్ 110 సీసీ. దానికి 18 నిండాల్సిందే. గేరు బండికీ, సొంత కారుకూ అదే వయసు.

బ్యాటరీ బండి కొందామన్నా జాగ్రత్తగా చూడు. మోటారు శక్తి 250 వాట్లు, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటనిదై, పరీక్షా సంస్థ ధ్రువపత్రం ఉన్నదైతేనే లైసెన్సు అక్కరలేదు. కొన్నాక వేగం పెంచి ఇస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. ఆ హద్దు దాటితే చట్టం దృష్టిలో అది మామూలు మోటారు వాహనమే. మన విశాఖలో హనుమంతవాక ఎత్తు ఎక్కేటప్పుడు ఆ చిన్న మోటారు బాగా నెమ్మదిస్తుందని కూడా పిల్లవాడికి ముందే చెప్పు.

2019 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న సవరణ నీకు తెలియాలి. మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రినో, బండి యజమానినో దోషిగా పరిగణిస్తారు. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దవుతుంది. పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ఉద్యోగానికి తిరగవలసిన వయసంతా అలా పోతుంది. నీకు చెప్పకుండా తీశాడంటే కోర్టు ఊరికే నమ్మదు, నీ అంగీకారంతోనే తీశాడని అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసింది నువ్వే. అందుకే నీ బండి తాళాలు కూడా టీవీ పక్కన పడేయకు.

జరిమానా కంటే నాకు ఎక్కువ భయం వేరే ఉంది. పోర్టు లారీ నడిపినవాడిగా చెబుతున్నాను, విను. గాజువాక నుంచి ఎన్‌ఏడీ కూడలి వైపు వచ్చేటప్పుడు ఎడమ పక్కన, ముందు బంపరుకు ఆనుకున్నట్టు వచ్చే స్కూటర్ డ్రైవరుకు కనపడదు. అద్దంలోనూ దొరకదు. లారీ ఎడమకు తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల దారిన రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. సందు ఉంది కదా అని దూరిన కుర్రవాడు ఆ చక్రాల పక్కనే ఉంటాడు. బండి తిప్పడం కిశోర్ వారంలో నేర్చుకుంటాడు, వాడి చురుకుదనం నాకు తెలుసు. ఆ సందులోకి దూరకుండా ఆగడం మాత్రం వారంలో రాదు. వెనుక స్నేహితుడు కూర్చుని తొందరపెడుతుంటే అసలే రాదు. రుషికొండ దాటి భీమిలి వైపు రోడ్డు ఖాళీగా కనిపిస్తే పెద్దవాళ్లకే చేయి ఆగదు. 18 నిండేదాకా కిశోర్‌ను ఆర్టీసీ పాస్ మీద తిరగనీ. అలిగితే నా పేరు చెప్పు, నా మీదే కోపగించుకోనీ.

పెద్దవాడి సంగతి వేరు. ఫిషింగ్ హార్బర్ నుంచి పూర్ణా మార్కెట్‌కు చేపలు వేసే చిన్న వ్యాన్ నడుపుతానంటున్నాడు కదా. వాడికి 19. కిరాయికి తిరిగే బండి నడపాలంటే 20 నిండాలి. 7,500 కిలోలు మించని బండికి కారు లైసెన్సు సరిపోతుందని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. వయసు నిబంధన మాత్రం మారలేదు. రేపు లారీ ఎక్కాలనుకుంటే కారు లైసెన్సు ఏడాది పాతదై ఉండాలి. కాబట్టి ఊరికే కూర్చోబెట్టకుండా ఇప్పుడే కారు లైసెన్సుకు పంపు. 20 వచ్చేలోగా ఆ ఏడాదిలో చాలా భాగం గడిచిపోతుంది.

కిశోర్‌కు 18 నిండగానే ఎల్ఎల్ఆర్, అంటే బండి నేర్చుకునేవారికిచ్చే లైసెన్సు, తీయించు. అది ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజుల తరువాత అసలు పరీక్షకు వెళ్లవచ్చు. ఆ రోజుల్లో తెల్లటి పలక మీద ఎర్రటి ‘ఎల్’ ఉండాలి. నేర్పేవాడు తప్ప వెనుక ఇంకెవరూ ఎక్కకూడదు, చెల్లెలైనా సరే. హెల్మెట్ మాత్రం నేను కొనిస్తాను, తలకు సరిపోయేది వాడినే తీసుకువెళ్లి చూస్తాను.

ఏజెంటు ఎవరైనా పుట్టిన తేదీ సర్దుతానంటే గుమ్మం ఎక్కనివ్వకు. పదో తరగతి సర్టిఫికెట్‌లోనూ ఆధార్‌లోనూ తేదీ ఒకటేనా అన్నది ఈ వారంలోనే చూసుకో. తేడా ఉంటే సరిచేయించడానికి నీకు ఇంకా కొన్ని నెలలు ఉన్నాయి.

ఇట్లు
మీ అన్నయ్య