ఏఎస్ఓ 280 వచ్చింది, మా బాబుకి గుండె జబ్బు వస్తుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి 8 ఏళ్ళు. రెండు నెలలుగా రాత్రిపూట పిక్కలు లాగుతున్నాయని ఏడుస్తాడు, పొద్దున లేచేసరికి మామూలే. బ్లడ్ టెస్ట్‌లో ఏఎస్ఓ 280 వచ్చింది, పక్కన నార్మల్ 200 లోపు అని ఉంది. మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ళ తరబడి వేయించాలన్నారు, ఒకటి వేయించాం. ఆటలు కూడా మాన్పించాలా? – ఒక తల్లి, హన్మకొండ

జవాబు: అమ్మా, ముందు ఆ 280 చూసి మీరు నిద్ర పాడుచేసుకోకండి. స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా గొంతులో చేరినప్పుడు స్ట్రెప్టోలైసిన్ ఓ అనే విషాన్ని వదుల్తుంది, దానికి ఎదురుగా మన ఒంట్లో తయారయ్యే యాంటీబాడీనే ఏఎస్ఓ, అంటే ఆ క్రిమి ఈమధ్య ఎప్పుడో వచ్చి వెళ్ళిందని ఒక ఆనవాలు, అంతే. గొంతు నొప్పి వచ్చిన వారం నుంచి మూడు వారాల్లో పెరగడం మొదలవుతుంది, నెలా నెలన్నరకి బాగా ఎక్కువుంటుంది, ఆ తర్వాత దిగడానికి నెలలు పడుతుంది. పెన్సిలిన్ వేశాం కదా అని ఇది దిగిపోదు, కాబట్టి ప్రతి నెలా ఇదే టెస్ట్ చేయిస్తూ అంకె తగ్గిందా లేదా అని చూసుకోవడం దండగ.

ఇప్పుడు అసలు విషయం, ఆ 200 ఎక్కడిది? చాలా ల్యాబులు అందరికీ ఒకే గీత ప్రింట్ చేస్తాయి, అది పెద్దవాళ్ళకి సరిపోతుందేమో గానీ బడికెళ్ళే పిల్లలకి సరిపోదు. 5 నుంచి 15 ఏళ్ళ మధ్యే ఈ క్రిమి ఎక్కువగా అంటుకుంటుంది, ఒకే బెంచీ మీద నలుగురు కూర్చునే క్లాసులో ఒకడికి వస్తే మిగతావాళ్ళకీ పాకుతుంది, అందుకే ఆ వయసులో ఏ జబ్బూ లేని పిల్లల్లో కూడా ఏఎస్ఓ ఎక్కువే ఉంటుంది. పిల్లలకి నార్మల్ ఎంతో తేల్చాలంటే ఈమధ్య గొంతు నొప్పి, ఒంటిమీద చీము పుండ్లు రాని ఆరోగ్యమైన పిల్లల రక్తం తీసి, వయసువారీగా విడగొట్టి, నూటికి 80 మంది ఏ అంకె లోపు ఉన్నారో అక్కడ గీత గీస్తారు. సగటు తీయరు, ఎందుకంటే కొద్దిమందికి బాగా ఎక్కువుండి సగటుని పైకి లాగేస్తారు. ఒక్కసారి ఆలోచించండి, గీత గీసిన పద్ధతిలోనే నూటికి 20 మంది ఆరోగ్యమైన పిల్లలు దాని పైన ఉంటారు! ఇలా లెక్క కట్టిన చోట్ల బడి పిల్లలకి ఆ గీత 200 దాటి, 240 నుంచి 320 దాకా కూడా వచ్చింది. ఊరిని బట్టి, సీజన్ని బట్టి మారుతుంది కాబట్టి మన ప్రాంతం పిల్లల లెక్క మనకి ఉండాలి, ల్యాబులు రిపోర్ట్ మీద వయసువారీగా వేయాలి, ఇది నేను గట్టిగా అడుగుతున్న మాట.

మీ బాబు నొప్పులు మీరు రాసిన తీరు చూస్తే ఎదిగే వయసులో వచ్చే నొప్పుల్లాగే ఉన్నాయి. మీరు భయపడుతున్న గుండె జబ్బు రుమాటిక్ ఫీవర్ వల్ల వచ్చేది, అంటే ఈ క్రిమి గొంతులో చేరి వెళ్ళాక కొందరు పిల్లలకి వచ్చి కీళ్ళని, గుండె కవాటాలని దెబ్బతీసే జబ్బు. అందులో మోకాలు, చీలమండ, మోచేయి లాంటి పెద్ద కీళ్ళు వాచి వేడిగా ఉంటాయి, నొప్పి ఒక కీలు నుంచి ఇంకో కీలుకి మారుతుంటుంది, జ్వరం ఉంటుంది, పిల్లాడు పగలు కూడా కుంటుతాడు. అలాంటి లక్షణాలుంటేనే ఏఎస్ఓకి విలువ. అప్పుడు కూడా రెండు మూడు వారాల తేడాతో రెండుసార్లు చేసి పెరుగుతోందా అని చూడాలి, యాంటీ డీఎన్ఏజ్ బి అనే ఇంకో టెస్ట్ తోడుంటే ఇంకా మంచిది, ముఖ్యంగా చర్మం పుండ్ల తర్వాత, ఎందుకంటే వాటికి ఏఎస్ఓ సరిగ్గా పెరగదు.

అలాగని మీ అంతట మీరే ఇంజెక్షన్ ఆపేయొద్దమ్మా, నిజంగా రుమాటిక్ ఫీవర్ వచ్చిన పిల్లలకి గుండె కవాటాలు పాడవకుండా కాపాడేది ఆ ఇంజెక్షనే. ఇప్పటికే వేసిన ఒక్కదానికి కంగారేమీ లేదు. వచ్చే డేట్ లోపే పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి కీళ్ళు, గుండె చూపించండి, ఒంట్లో వాపు ఉందో లేదో చెప్పే ఈఎస్ఆర్, సీఆర్పీ రక్త పరీక్షలు, ఈసీజీ, గుండె స్కానింగ్ అయిన ఎకో ఒకటి చేయించండి. అన్నీ బాగుంటే వట్టి 280 కోసం ఏళ్ళ తరబడి ఆ సూది నొప్పి పిల్లాడికి అక్కర్లేదని ఆయనే ఆపేస్తారు. ఈలోపు ఆయాసం, కీళ్ళ వాపు, చేతులు కాళ్ళు వాటంతటవే కదలడం కనిపిస్తే మాత్రం అదే రోజు హాస్పిటల్‌కి వెళ్ళండి. ఆటలంటారా, ఎకో క్లియర్‌గా వస్తే సాయంత్రమే గ్రౌండ్‌కి పంపండి, రాత్రి పడుకునేముందు పిక్కలకి కాస్త గోరువెచ్చని నూనె రాయండి.