మంచు కోసం కాపు కాసే బుజ్జికి

చిరంజీవి బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు.

మొన్న గురువారం రాత్రి రెడింగ్‌లోని మీ ఇంటి నుంచి మీ అమ్మ ఫోన్ చేసింది. "బావగారూ, వీడు పది సెంటీమీటర్ల మంచు ఖాయం అన్నాడు. సాయంత్రం నుంచి శాలువా కప్పుకొని కిటికీ దగ్గరే కూర్చున్నాను. విజయవాడలో పడే వానే ఇక్కడా పడుతోంది" అంది. ముందు నవ్వొచ్చింది, తర్వాత నీ మీద జాలి వేసింది. నలభై ఏళ్లుగా ఇంగ్లండ్‌లో, ఈ షెఫీల్డ్‌లో ఉంటున్నవాణ్ణి, ఇలాంటి గురువారాలు ఎన్ని చూశానో లెక్కలేదు.

నీ ఆలోచనలో పెద్ద తప్పు లేదు. నేలను చల్లగాలి పట్టుకొని ఉన్నప్పుడు నైరుతి నుంచి ఒక అల్పపీడనం ఇంగ్లిష్ చానల్ వెంట రావడం దక్షిణ ఇంగ్లండ్‌కు మంచు తెచ్చే దారుల్లో ఒకటి. కాకపోతే అది ఓ యాభై మైళ్లు ఉత్తరంగా జరిగితే చాలు, దాని వెంట వెచ్చని గాలి రెడింగ్ మీదికి ఎక్కేస్తుంది. చిల్టర్న్ కొండల మీద మంచు, మీ వాకిట్లో వాన. చిన్నప్పుడు తుఫాను ఒంగోలు దగ్గర తీరం దాటుతుందా, మచిలీపట్నం దగ్గరా అని మీ తాతయ్య రేడియోకు చెవి ఆనించి కూర్చునేవారు. ఆయన ఎదురుచూపులో భయం ఉండేది, మన ఎదురుచూపులో ఆశ ఉంది. ఆశ మనిషిని ఎక్కువ మోసం చేస్తుంది. అందుకే ఈ ఉత్తరం.

ఆదివారం రాత్రి వచ్చిన ఒక్క వాతావరణ అంచనా పటం చూసి నువ్వు మాట ఇచ్చేశావు. వాతావరణాన్ని ముందుగా లెక్కగట్టే అమెరికా వారి కంప్యూటర్ మోడల్ జీఎఫ్ఎస్ రోజుకు నాలుగుసార్లు నడుస్తుంది. అందులో రాత్రి పది గంటల ప్రాంతంలో బయటికి వచ్చేదాన్ని ఇక్కడి మంచు పిచ్చివాళ్లు 'పబ్ రన్' అంటారు, తాగి గీసినట్టు ఉంటుందని. నాలుగింటిలో మనకు నచ్చిన పటాన్ని దాచుకొని మిగతా మూడింటిని మరచిపోవడం మనందరికీ ఉన్న జబ్బు. ఐదు రోజుల అవతలి పటాల్ని వీళ్లు 'ఫాంటసీ ఐలాండ్' అని పిలుస్తారు. పేరు సరిగ్గా పెట్టారు.

పటం కన్నా గుంపును చూడడం నేర్చుకో. యూరోపియన్ వాతావరణ అంచనా కేంద్రం మీ రెడింగ్‌లోనే ఉంది కదా, ఇప్పుడు దాని పెద్ద కంప్యూటర్లు ఇటలీలోని బొలోన్యాలో ఉన్నా సరే. వాళ్లు ఆరంభ పరిస్థితుల్ని కొద్దికొద్దిగా మార్చి ఒకే లెక్కను 51 సార్లు చేస్తారు. ఆ 51 గీతల్నీ ఒకే కాగితం మీద చూడు. మొదటి మూడు నాలుగు రోజులు జడ అల్లినట్టు కలిసి నడుస్తాయి. ఆ తర్వాత కట్టు తెగిన చీపురులా విడిపోతాయి. చీపురు ఎక్కడ విడిపోయిందో అక్కడ నీ నోరు ఆగాలి. నీ గురువారం అయితే ఆదివారం నాటికే విడిపోయి ఉంది, నేను చూశాను. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. అందులో సగం తప్పు నాది.

రెండో సంగతి, థర్మామీటర్ ఒక్కటే నమ్మకు. గాలి 3 డిగ్రీలు ఉన్నా పొడిగా ఉంటే మంచు పడవచ్చు. 2 డిగ్రీలే ఉన్నా తేమగా ఉంటే వానే. ఎందుకంటావా? మన మట్టికుండ ఎందుకు నీళ్లను చల్లబరుస్తుందో అందుకే. పడే చినుకు పొడిగాలిలో ఆవిరి అవుతూ ఆ గాలి వేడిని లాగేసుకుంటుంది. కాబట్టి డ్యూ పాయింట్ చూడు, అంటే గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత. అది సున్నాకు బాగా కింద ఉంటే ఆశ పెట్టుకో. సున్నా పైకి ఎక్కుతుంటే అమ్మను పడుకోమని చెప్పు. వాన బాగా జోరందుకుంటే పైనుంచి పడుతూ దారిలో కరిగే మంచే గాలిని చల్లబరిచి వానను మంచుగా మార్చిన రాత్రులూ ఉన్నాయి. కానీ అది అదృష్టం, దాని మీద పందెం కాయకు.

ఎత్తు సంగతి మా ఊరు చెప్పినట్టు ఇంకే ఊరూ చెప్పదు. షెఫీల్డ్ నడిబొడ్డున గొడుగు పట్టుకొని బస్సెక్కితే, ఎత్తున ఉన్న లాడ్జ్ మూర్ పేటలో దిగేసరికి బూట్లు మంచులో దిగబడతాయి. రెండు వందల మీటర్ల పైచిలుకు తేడా, అంతే. మీ రెడింగ్ థేమ్స్ ఒడ్డున పల్లంలో ఉందని మరచిపోకు. ఇక తూర్పుగాలి వచ్చినప్పుడు ఆట వేరు. ఉత్తర సముద్రం మీదుగా వచ్చే చల్లగాలి నీటి వెచ్చదనాన్ని పీల్చుకొని మేఘాలు కడుతుంది. ఒక్కోసారి అవి తాడు పేనినట్టు థేమ్స్ ముఖద్వారం వెంట వరుసకట్టి లోపలికి వస్తాయి. ఆ తాడు కింద ఉన్న ఊరు మంచులో మునిగిపోతుంది, పక్క ఊళ్లో ఎండ కాస్తుంది. దీన్ని ఏ మోడలూ ముందురోజు కచ్చితంగా చెప్పలేదు. ఆ పూట రాడార్ చూడడమే. అప్పుడు కూడా తెర మీద రంగు కనిపించినంత మాత్రాన నేల మీద పడుతున్నట్టు కాదు, మధ్యలోనే ఆవిరి కావచ్చు. చివరికి అందరం చేసేది వీధి దీపం కింద తెల్లగా ఏమైనా తిరుగుతోందా అని చూడడమే. దానికీ ఇక్కడ ఒక పేరుంది, 'లాంప్‌పోస్ట్ వాచింగ్' అని.

స్ట్రాటోస్ఫియర్, అంటే మేఘాలకు చాలా పైనున్న గాలిపొర, అకస్మాత్తుగా వేడెక్కిందన్న వార్త చూడగానే ఇక మంచు ఖాయం అని ఎగిరి గంతేయకు. 2018 ఫిబ్రవరి మధ్యలో అలా జరిగింది. రెండు వారాలకు సైబీరియా గాలి వచ్చి దేశం స్తంభించింది, ఇక్కడి వాతావరణ శాఖ మెట్ ఆఫీస్ ఎర్ర హెచ్చరికలు ఇచ్చింది. 2019 జనవరిలోనూ అలాగే వేడెక్కింది. ఆ ఫిబ్రవరి 26న లండన్‌లోని క్యూ గార్డెన్స్‌లో 21.2 డిగ్రీలు నమోదైంది. నేను కొత్త పార కొని సిద్ధంగా ఉన్నాను, మీ పెద్దమ్మ దానితో గులాబీ పాదులు తవ్వింది.

హెచ్చరికలు చదివే పద్ధతి కూడా తెలుసుకో. పసుపు అంటే "కొంచెం మంచు" అని అర్థం కాదు. పెద్ద నష్టం జరిగే అవకాశం తక్కువగా ఉన్నా పసుపే, చిన్న ఇబ్బంది తప్పదన్నా పసుపే. కింద రాసిన నాలుగు వాక్యాలు చదివితేనే ఏదో తెలుస్తుంది. కొండదారుల్లో మంచు చూద్దామని అమ్మను కారెక్కించుకొని మాత్రం బయలుదేరకు. మా పక్కన స్నేక్ పాస్ చలికాలంలో ఎన్నిసార్లు మూతపడుతుందో నాకు తెలుసు.

పడినప్పుడు కొలువు. ఒక చెక్కపలకకు తెల్లరంగు వేసి, గోడలకూ చెట్లకూ దూరంగా చదునుగా పెట్టు. ఉదయం తొమ్మిదికి మూడుచోట్ల స్కేలు గుచ్చి సగటు రాసుకో. నేల సగం కన్నా ఎక్కువ కప్పి ఉంటేనే 'నిలిచిన మంచు' అని లెక్క. 1937 నుంచి దశాబ్దాల పాటు ఈ దేశమంతటా మంచు ఎక్కడ, ఎంత ఎత్తున నిలిచిందో రాసిపెట్టింది ఎక్కువగా ఇలాంటి స్వచ్ఛంద పరిశీలకులే. దాని పక్కన ఇంకో గడి గీసి, ముందురోజు నువ్వు ఎంత అనుకున్నావో అదీ రాయి. నా నోటుపుస్తకంలో 2010 డిసెంబరు దగ్గర తప్ప మిగతా చోట్ల ఆ రెండో గడి చూస్తే సిగ్గేస్తుంది. ఆ నెల ఒక్కటే నేను తక్కువ అనుకున్నాను, ఎక్కువ పడింది.

ఇకపై ఇంట్లో చెప్పేటప్పుడు "పడుతుంది" అనకు. "పదిలో మూడు వంతులు అవకాశం" అను. అమ్మకు అర్థమవుతుంది, పప్పు ఉడికిందా లేదా అని మూత తీసి చూసే మనిషి ఆవిడ.

అన్నట్టు, ఆవిడ తిరుగు ప్రయాణం మార్చిలోనే కదా. ఈ ఉదయం వచ్చిన గుంపులో మూడో వంతుకు కొంచెం తక్కువ గీతలు వచ్చే వారాంతం తూర్పుగాలి వైపు వంగాయి. సాయంత్రం లెక్క వచ్చాక ఫోన్ చెయ్యి, ఇద్దరం కలిసి చూద్దాం. అమ్మకు మాత్రం ఇంకా చెప్పకు.

ఇట్లు,
పెదనాన్న