బర్మా లిపి తెలుగు లిపిలా కనిపిస్తుంది, అది మన లిపి నుంచే పుట్టిందా?

కాదు, బర్మా లిపి తెలుగు లిపికి బిడ్డ కాదు, దూరపు బంధువు. రెండింటికీ మూలం బ్రాహ్మీ అనే ప్రాచీన భారతీయ లిపి. దక్షిణాదిలో మారుతూ వచ్చిన బ్రాహ్మీ రూపాలు వర్తకులు, బౌద్ధ భిక్షువులు, బ్రాహ్మణుల వెంట ఓడలెక్కి బంగాళాఖాతం దాటాయి. అక్కడ మోన్, ప్యూ ప్రజలు వాటిని తమ భాషలకు మలుచుకున్నారు, వారి నుంచి బర్మీయులు అందుకున్నారు. బర్మా పాత రాజధాని పగాన్ దగ్గరి మ్యాజెడి శాసనంలో (సుమారు 1113) పాళీ, ప్యూ, మోన్, బర్మీ నాలుగూ ఒకే రాతిస్తంభం మీద కనిపిస్తాయి. ఎంత అందమైన సాక్ష్యమో!

మరి ఆ గుండ్రదనం? దానికి చాలావరకు తాటాకే కారణం. గంటంతో ఈనె వెంబడి తిన్నగా గీత లాగితే ఆకు చీలిపోతుంది, ఒంపు తిప్పితే నిలుస్తుంది. ఇక్కడా అక్కడా అదే ఆకు, అదే జాగ్రత్త. ఉదాహరణకు బర్మా 'ప' చూడండి: పైన నోరు తెరిచిన చిన్న గిన్నె. మన 'ప'కు తలకట్టు తీసేస్తే దాదాపు అదే.

లిపి పోలింది కాబట్టి భాషలూ చుట్టాలే అనుకోవడం పొరపాటు. తెలుగు ద్రావిడ భాష, బర్మీ టిబెటో-బర్మన్ కుటుంబానిది.