హత్య కేసు ‘అన్‌డిటెక్టెడ్’ అని మూసేశారు... మళ్లీ తెరిపించవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో చిన్న ఊరు. 2012 చివరి నుంచి పదకొండు నెలల్లో మా ఊళ్లో, పక్క ఊళ్లో కలిపి ఒంటరిగా ఉండే నలుగురు ఆడవాళ్లు ఒకే తీరున చనిపోయారు. మూడో ఆవిడ మా అమ్మ. మధ్యాహ్నం పూట ఇంట్లోనే గొంతు నులిమి, ఒంటి మీది బంగారం తీసుకుపోయారు. ఆ ఏడాదంతా మా ఊళ్లో పొద్దు గూకక ముందే తలుపులు పడేవి. ఫిర్యాదు ఇచ్చిన మా మేనమామ ఇప్పుడు లేరు. 2016లో కేసు ‘అన్‌డిటెక్టెడ్’ అని మూసేశామని స్టేషన్లో నోటిమాటగా చెప్పారు, కాగితం రాలేదు. మొదట చనిపోయిన ముసలావిడది అనుమానాస్పద మృతిగానే రాశారు. ఈమధ్య వేరే జిల్లాలో ఒకడు సరిగ్గా ఇలాంటి పనే చేస్తూ దొరికాడని పేపర్లో చూశాం. గడువు దాటిపోయిందా? సీబీఐకి ఇమ్మని అడగాలా? మా వీధిలో ఒకాయన మీద అందరికీ అనుమానం. ఆ పేరు వాట్సాప్‌లో పెట్టమంటున్నారు. ఏం చేయాలి? – విజయవాడ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు గడువు భయం వదిలేయండి. మూడేళ్ల వరకు శిక్ష పడే నేరాలకే చట్టం గడువు పెట్టింది. కేసులు నడిపే పద్ధతి చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో అది 468వ సెక్షన్, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బీఎన్ఎస్ఎస్‌లో 514. హత్యకు గడువు లేదు. పన్నెండేళ్లయినా, ముప్పై ఏళ్లయినా నిందితుడు దొరికితే కేసు నడుస్తుంది. 2024 జులై 1కి ముందు జరిగిన నేరం కాబట్టి ఐపీసీ 302 కిందే నడుస్తుంది, దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్‌లోని 103 వర్తించదు.

‘కేసు మూసేశారు’ అనే మాటను కూడా సరిగ్గా అర్థం చేసుకోవాలి. నేరం నిజమే గానీ చేసినవాడు దొరకలేదని పోలీసులు మేజిస్ట్రేటుకు ఒక తుది నివేదిక ఇచ్చారు. అంతే. కోర్టులో ఎవరి మీదా విచారణ జరగలేదు, తీర్పేమీ రాలేదు. కొత్త ఆధారం వస్తే తదుపరి దర్యాప్తు చేయడానికి సీఆర్‌పీసీ 173(8), బీఎన్ఎస్ఎస్ 193(9) దారి చూపిస్తున్నాయి.

ఇప్పుడు స్టేషన్ చుట్టూ తిరగకండి. మొదట వెళ్లాల్సింది ఆ స్టేషన్ పరిధిలోని మేజిస్ట్రేటు కోర్టుకు. అక్కడ కాపీ అప్లికేషన్ వేసి సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. ఎఫ్ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, ఘటనాస్థలం పంచనామా, రఫ్ స్కెచ్, స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా, ఫోరెన్సిక్ ల్యాబ్ (ఎఫ్ఎస్ఎల్) రిపోర్టు, తుది నివేదిక, దాని మీద మేజిస్ట్రేటు ఇచ్చిన ఉత్తర్వు, ఇవన్నీ అడగండి. కేసు డైరీ మాత్రం మీకు ఇవ్వరు, దాని కోసం పట్టుబట్టి నెలలు పోగొట్టుకోవద్దు. క్రైమ్ నంబరు తెలియకపోతే అమ్మగారి పోస్టుమార్టం జరిగిన ప్రభుత్వాసుపత్రి రికార్డులో ఉంటుంది. 2022లో గుంటూరు జిల్లాను పల్నాడు, బాపట్లతో కలిపి మూడు చేశారు కాబట్టి మీ ఊరి ఎస్పీ ఆఫీసు మారి ఉండొచ్చు. వినతిపత్రం ఇచ్చేముందు అది చూసుకోండి.

కాపీలు చేతికొచ్చాక ముందు చూడాల్సింది మీ మేనమామగారికి నోటీసు అందిందా లేదా అన్నది. దర్యాప్తు ముగించే నివేదికను ఒప్పుకునే ముందు ఫిర్యాదుదారుకు నోటీసిచ్చి, ఆయన మాట వినాలని సుప్రీంకోర్టు 1985లోనే భగవంత్ సింగ్ కేసులో చెప్పింది. చనిపోయినవారి బంధువులు తామంతట తాము కోర్టుకొస్తే వారి మాటా వినాలని అందులోనే ఉంది. నోటీసు అందినట్టు సంతకం లేకపోతే మీ పిటిషన్‌కు అదే గట్టి పునాది. ఫిర్యాదు ఇచ్చింది మీరు కాదన్న అడ్డంకి కూడా లేదు, చట్టంలో ‘బాధితులు’ అంటే వారి వారసులు కూడా.

ఇక అసలు విషయం. పాత హత్య కేసులు ఎక్కువగా చచ్చిపోయేది చట్టం చాలక కాదు, వస్తువులు పోయి. అమ్మగారి చీర, జాకెట్టు, గోళ్ల కత్తిరింపులు, గొంతుకు బిగించిన గుడ్డో తాడో, బీరువా మీద దొరికిన వేలిముద్రల ఫొటోలు, ఇవి ఎక్కడున్నాయో తేలాలి. ఉంటే ఎక్కువగా మూడు చోట్ల ఉంటాయి: కోర్టు ప్రాపర్టీ గది, స్టేషన్ ప్రాపర్టీ గది, ఫోరెన్సిక్ ల్యాబ్. మీది రాష్ట్ర విభజనకు ముందు కేసు, అప్పట్లో శాంపిళ్లు హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ల్యాబ్‌కు వెళ్లేవి. అవి అక్కడి నుంచి తిరిగి వచ్చాయా అని విడిగా అడగాల్సిందే. మూసిన కేసుల వస్తువులను కోర్టు ఉత్తర్వుతో ధ్వంసం చేసే పద్ధతి ఉంది. అందుకే దర్యాప్తు పిటిషన్ సిద్ధమయ్యేలోపే, వస్తువులను ధ్వంసం చేయకుండా భద్రపరచాలని, వాటి స్థితి మీద నివేదిక తెప్పించాలని ఒక చిన్న పిటిషన్ వేయించండి. విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం హాస్టల్‌లో 2007 డిసెంబరులో జరిగిన విద్యార్థిని హత్య కేసు మన కళ్లముందే ఉంది. శిక్ష పడిన యువకుణ్ని 2017లో హైకోర్టు నిర్దోషిగా వదిలింది, తర్వాత సీబీఐ వచ్చింది. చూస్తే విజయవాడ కోర్టులోని వస్తువులు అప్పటికే ధ్వంసమైపోయాయి. 2019 డిసెంబరులో తెనాలిలో సమాధి తవ్వి అవశేషాలు పరీక్షించాల్సి వచ్చింది. దహనం చేసినవారి విషయంలో ఆ దారి కూడా ఉండదు.

ఇన్నేళ్ల తర్వాత డీఎన్ఏ దొరుకుతుందా అంటే, భద్రపరిచిన తీరును బట్టి. రక్తపు బట్ట నీడలో ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టి ఉంటే పన్నెండేళ్లకూ దొరికే అవకాశం ఉంది. తడిగా పాలిథీన్ కవర్లో కట్టి ఉంటే బూజు పట్టి పాడైపోతుంది. గోళ్ల కింద ఆడమనిషి సొంత డీఎన్ఏ ఎక్కువగా, మగవాడిది పిసరంత ఉంటుంది, మామూలు పరీక్షలో ఆ పిసరు కనిపించకపోవచ్చు. మగవారికే ఉండే వై క్రోమోజోమును వెతికే ‘వై-ఎస్టీఆర్’ పరీక్ష చేయించమని పిటిషన్లో పేరు పెట్టి అడగండి. అమ్మగారి డీఎన్ఏను వేరు చేయడానికి మీ రక్తం శాంపిల్ ఇస్తామని కూడా రాయండి. వేలిముద్రలైతే 2022లో మొదలైన జాతీయ వేలిముద్రల వ్యవస్థ నాఫిస్‌లో పోల్చమని కోరండి, 2013లో ఆ సౌకర్యమే లేదు. సెల్ టవర్ వివరాల మీద ఆశ పెట్టుకోవద్దు. టెలికాం కంపెనీలు రికార్డు ఉంచాల్సింది ఇప్పుడు రెండేళ్లే. అప్పట్లో పోలీసులు తెప్పించి ఫైల్లో పెట్టి ఉంటేనే ఉంటుంది.

దర్యాప్తు పిటిషన్లో ‘పునర్దర్యాప్తు’ అని రాయకండి, ‘తదుపరి దర్యాప్తు’ అనే రాయాలి. ఉన్న దర్యాప్తును పక్కనపెట్టి మొదటి నుంచీ చేయించే అధికారం పై కోర్టులదే, మేజిస్ట్రేటుకు లేదు (వినయ్ త్యాగి కేసు, 2013). ఆ ఒక్క మాట తేడాతో పిటిషన్ వెనక్కి రావచ్చు. కేసు పాతది, పిటిషన్ కొత్తది కాబట్టి 173(8), 193(9) రెండూ రాయించండి. ‘న్యాయం చేయండి’ అని నాలుగు పేజీలు రాసినదానికన్నా, కొత్తగా ఏం తెలిసిందో, ఏ పరీక్ష జరగలేదో, ఏ సాక్షిని అడగలేదో ఒక్కొక్కటి పంచనామా పేజీ చూపిస్తూ రాసింది నిలబడుతుంది.

నలుగురి మరణాలూ ఒకడి పనే అని మీకు అనిపించడం సహజం. కానీ కాగితం మీద అవి నాలుగు వేర్వేరు కేసులు, రెండు స్టేషన్లవి. ఒకరి ఫైలు ఇంకొకరు చూడకపోవడమే ఇలాంటివాడికి అన్నిటికన్నా పెద్ద రక్ష. ఏలూరులో 2019 నవంబరులో దొరికినవాడు ప్రసాదంలో సైనైడ్ కలిపి దాదాపు 20 నెలల్లో పదిమందిని చంపాడని పోలీసులు చెప్పారు. ఆ మరణాలు మూడు జిల్లాల్లో చెదిరి ఉన్నాయి, చాలావాటిని సహజ మరణాలే అనుకున్నారు. చివరి మృతుడి కుటుంబం నగలు, డబ్బు కనిపించక ఫిర్యాదు చేస్తేనే దారం దొరికింది. అందుకని నాలుగు కుటుంబాలూ కూర్చుని ఒకే పట్టిక తయారు చేయండి. తేదీ, వారం, వేళ, లోపలికి ఎలా వచ్చాడు, గొంతుకు ఏం వాడాడు, ఏ నగ తీశాడు, ఏది వదిలేశాడు, ఆ రోజు వీధిలోకి వచ్చిన కొత్తవాళ్లు. వదిలేసిన నగ ముఖ్యం, గిల్టుది వదిలి బంగారానిదే తీసుకున్నవాడికి సరుకు తెలుసని అర్థం. మొదటి ముసలావిడ ఫైలు సీఆర్‌పీసీ 174 (అనుమానాస్పద మృతి) కింద ఉంది కాబట్టి, పోస్టుమార్టంలో మెడ ఎముక విరిగినట్టో కమిలినట్టో ఉంటే దాన్ని హత్య సెక్షన్‌కు మార్చమని ఆవిడ వారసులు విడిగా అడగాలి. అయితే తీరు ఒకటే కావడం దర్యాప్తుకు దారి చూపుతుందే గానీ, అదొక్కటే రుజువు కాదు.

వేరే జిల్లాలో దొరికినవాడి సంగతికి వద్దాం. పేపర్ కటింగ్, ఆ కేసు క్రైమ్ నంబరు జతచేసి మీ సీఐకి, ఎస్పీకి స్పీడ్ పోస్టులో వినతి పంపండి, సోమవారం గ్రీవెన్స్‌లో కూడా ఇచ్చి రసీదు తీసుకోండి. అతను జైల్లో ఉంటే మీ స్టేషన్ పోలీసులు పీటీ వారెంట్ (వేరే కేసులో జైల్లో ఉన్నవాణ్ని హాజరుపరచమనే కోర్టు ఉత్తర్వు) మీద ఇక్కడి కోర్టుకు తెప్పించుకోవచ్చు. అతని వేలిముద్రలు, డీఎన్ఏ మీ కేసు వాటితో పోల్చాలన్నది మీ కోరిక కావాలి, ‘అతనితో ఒప్పించండి’ అన్నది కాదు. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదు. అతను చెప్పిన చోట నగ దొరికితే, ఆ మేరకే చెల్లుతుంది. కాబట్టి బంగారం వైపు గట్టిగా పనిచేయండి. అమ్మగారు పుస్తెలతాడు, నాంతాడు వేసుకున్న పెళ్లి ఫొటోలు, షాపు రసీదులు, తూకం, అతుకులు, కొక్కెం తీరు, చేసిన కంసాలి పేరు, అన్నీ రాసి పెట్టండి. అక్కడ దొరికిన నగల్లో, తాకట్టు దుకాణాల రికార్డుల్లో వీటిని వెతకమని అడగండి. నగను మీరు మేజిస్ట్రేటు ముందు గుర్తుపట్టాల్సి రావచ్చు, అంతవరకు పోలీసులు చూపించే ఫొటోలు చూడకపోవడం మంచిది.

సీబీఐ గురించి: మేజిస్ట్రేటు సీబీఐకి ఇవ్వలేరు. అది నేలపాడులోని హైకోర్టులో రిట్ వేసి అడగాల్సింది, అసాధారణ పరిస్థితుల్లోనే ఇస్తారు. కింది కోర్టుకు వెళ్లకుండా నేరుగా రిట్ వేస్తే, ముందు మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లమని పంపించే అవకాశమే ఎక్కువ. రెండు జిల్లాల సంబంధం తేలి, స్థానిక పోలీసులు కదలకపోతే అప్పుడు ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) గానీ సీఐడీ గానీ కోరుతూ హైకోర్టుకు వెళ్లండి.

వాట్సాప్‌లో పేరు పెట్టొద్దు, ఫొటో అసలే వద్దు. పరువు నష్టం కేసు ఒకెత్తు. అంతకన్నా నష్టం, అతనే నిందితుడైతే రేపు గుర్తింపు పరేడ్ పెట్టినప్పుడు ‘సాక్షి ముందే ఫొటో చూశాడు’ అని డిఫెన్సు లాయరు దాన్ని కొట్టిపారేస్తాడు. అతను కాకపోతే ఒక నిరపరాధి ఊళ్లో బతకలేడు. ఇబ్రహీంపట్నం కేసులో జైలుపాలైన కుర్రాడి యవ్వనం ఎవరూ తిరిగి ఇవ్వలేదు. మీ అనుమానానికి కారణాలు సీల్డ్ కవర్లో డీఎస్పీకి ఇవ్వండి.

చివరగా, చాలా కుటుంబాలు అడగని ఒక హక్కు ఉంది. నేరస్థుడు దొరకకపోయినా, విచారణే జరగకపోయినా మృతురాలి మీద ఆధారపడినవారు పరిహారం కోరవచ్చు. పాత సీఆర్‌పీసీలో అది 357ఏ(4), ఇప్పుడు బీఎన్ఎస్ఎస్‌లో 396(4). గుంటూరు కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేయాలి, వాళ్లు రెండు నెలల్లో విచారణ ముగించాలి. పథకాల్లో మూడేళ్ల గడువు లాంటి షరతులు ఉంటాయి కాబట్టి ఆలస్యాన్ని మన్నించమని విడిగా కారణాలు రాయండి: కేసు మూసినట్టు నోటీసు రాలేదన్నది, ఫిర్యాదుదారు చనిపోయారన్నది మంచి కారణాలే. అదే సంస్థ మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100కి ఫోన్ చేస్తే వివరాలు చెబుతారు. వెళ్లేటప్పుడు అమ్మగారి మరణ ధ్రువీకరణ పత్రం, మీ ఆధార్, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, ఎఫ్ఐఆర్ నంబరు దగ్గర పెట్టుకోండి. వస్తువులు భద్రపరచమనే పిటిషన్ వేయించడం ఆ లాయరు చేయాల్సిన మొదటి పని.